పెట్టెబండి పెద్దాయన

"ఏంది పెద్దాయనా, గమ్మునైపోయినావు?"

"సామి నిద్దరపోతా ఉండాడు. నువ్వు గూడా గమ్మునుండు తల్లీ."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. సామి అంటే మా గుర్రం. నేను వ్యానులో డ్రైవరు పక్కన కూర్చున్నాను. నా వీపు వెనక చెక్కకు అరచెయ్యంత కిటికీ ఉంది. దానికి నోరు ఆనించి అడిగాను. గుర్రంతో పాటు లోపల నిలబడి ఉన్న ఆయన అక్కడి నుంచే జవాబు చెప్పాడు. పుత్తూరు దాటి రెండు మైళ్ళు వచ్చి ఉంటాం. గమ్మునుండమన్నాడు కదా అని గమ్మునున్నాను. డ్రైవరును కూడా నోరు మూసుకోమన్నాను. పైగా సంతోషపడ్డాను. గుర్రం నిద్రపోయింది, ఇంక గెలిచాం అనుకున్నాను.

ఇది జరిగి పదహారు రోజులైంది. కూర్చున్నా ఇదే, పొయ్యి ముందర నిలబడినా ఇదే. మా అన్న కూతురు నన్ను చూసి చూసి, "అత్తా, నువ్వు చెప్పు, నేను రాస్తా. కడుపులో పెట్టుకుంటే నువ్వు గూడా పోతావు" అంది. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని చెప్తున్నాను.

మా ఇంటాయన తిరుపతిలో రైలు స్టేషను ముందర జట్కా తోలేవాడు. కొండకు పోయే వాళ్ళను అలిపిరి దగ్గర దింపి వచ్చేవాడు. మద్రాసు రేసుల్లో పరిగెత్తి, కాలు నొప్పి చేసి, ఇంక పనికిరావని తీసేసిన గుర్రాలను జట్కా వాళ్ళు తెచ్చుకోవడం మామూలే. ఈయన తెచ్చింది ఎర్ర గుర్రం. పొడుగు కాళ్ళు, సన్న మూతి. లారీ ఎక్కనంటే మద్రాసు నుంచి నాలుగు రోజులు నడిపించుకుని వచ్చాడు. స్టాండులో అందరూ దాన్ని మద్రాసోడు అనేవాళ్ళు. బండికి కడితే బాగానే లాగేది. ఇనుము మోగితే మాత్రం దానికి ఒళ్ళు తెలిసేది కాదు. ఎవరైనా అంగడి షట్టరు దించితే చాలు, వెనక పిల్లలున్నారో ముసలివాళ్ళున్నారో చూడకుండా దూకేది.

పోయిన కార్తీకంలో మా ఇంటాయన జ్వరం వచ్చి పోయాడు. స్టాండులో ఆటోలు నిండిపోయాయి. గుర్రాన్ని కట్టేసే కొట్టం ఉన్న స్థలం వాళ్ళు నెలాఖరుకు పీకేస్తామన్నారు. గుర్రాన్ని ఇమ్మని అడిగింది ఇద్దరే. ఒకరు ఇటుకల బట్టీ వాళ్ళు. ఇంకొకాయన కార్వేటినగరం దగ్గర మామిడితోపు ఉన్న రైతు. ఆయన దగ్గర ఒక ముసలి ఆడగుర్రం ఉంది. దాని జత చచ్చిపోయినప్పటి నుంచి మేత ముట్టడం లేదట. పక్కన ఒకటి నిలబడితే చాలు, పని కూడా చేయించను అన్నాడు. బట్టీలో మోకాళ్ళు చీరుకుపోయిన గుర్రాలను నేను కళ్ళారా చూశాను. తోపుకే పంపుతానన్నాను.

పంపడం ఎట్లా? మామిడికాయల లారీ ఒకటి వచ్చింది. మా ఇంటాయన స్నేహితులు ఆరుగురు చేరారు. ఒకడు ముందు నుంచి తాడు లాగాడు. ఇద్దరు పిర్రల వెనక పగ్గం వేసి బిగించారు. ఇంకొకడి చేతిలో చెర్నాకోల. మంచి పని మొదలుపెడుతున్నాం కదా అని ఒకామె లారీ ముందర కర్పూరం వెలిగించి గుమ్మడికాయ పగలగొట్టింది. అదే సమయంలో లారీ వెనక తలుపు గొలుసు గలగలమంటూ జారింది. గుర్రం వెనక కాళ్ళ మీద లేచింది. నుదురు పోయి ఇనుప కమ్మీకి కొట్టుకుంది. రక్తం కళ్ళలోకి కారింది. తాడు పట్టుకున్నాయన రెండు వేళ్ళు నలిగిపోయాయి. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి కుట్లు వేసి, "ఇంకోసారి ఇట్లా చేస్తే కాలు విరగ్గొట్టుకుంటాది మేయ్. గుర్రానికి కాలు విరిగితే ఇంక దాన్ని చంపెయ్యాల్సిందే" అని చెప్పి పోయాడు.

అప్పుడు తోపు రైతు పంపితే వచ్చాడు పెద్దాయన.

చూస్తే ఏమీ ఉండడు. పొట్టి మనిషి. పెద్ద పెద్ద చెవులు. ఒక చెప్పుకు పట్టీ తెగితే కరెంటు తీగతో కట్టుకున్నాడు. నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా. ఒకప్పుడు రేసు గుర్రాలను మద్రాసుకూ బెంగళూరుకూ తిప్పిన వ్యాను ఆయనది. దాన్ని మేం పెట్టెబండి అనేవాళ్ళం. రాగానే గుర్రాన్ని చూడలేదు. కొట్టం నేల చూశాడు, తొట్టి చూశాడు, పేడ వాసన చూశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"నిద్దర పోతాడా?"

"ఎవురు?"

"సామి."

"అది గుర్రం పెద్దాయనా."

"తెలుసు తల్లీ. మనుషుల్ని మోసే పని మానేసి శానా ఏండ్లాయె."

గుర్రాన్ని మీరు అనేవాడు. మనుషులను రా, పో అనేవాడు. స్టాండులో ఒకడు ఉండబట్టలేక, "ఏమి పెద్దాయనా, జంతువుకు మర్యాద, మాకు లేదా?" అన్నాడు.

"ఆయన వేలమంది ముందర పరిగెత్తినోడు రా. నువ్వు పోలీసోడిని చూసినప్పుడు తప్ప యాడ పరిగెత్తినావు?"

స్టాండంతా నవ్వింది. అడిగిన వాడే ఎక్కువ నవ్వాడు.

వచ్చిన రోజే ఎక్కించేస్తాడు అనుకున్నాం. ఆయన పెట్టెబండిని మా సందులో నిలబెట్టి, వెనక తలుపుగా ఉండే పలకను నేలకు వాల్చి, చాప పరుచుకుని లోపలే పడుకున్నాడు. పదకొండు రోజులు. రెండు పూటలా నేనే అన్నం పెట్టాను. తినేటప్పుడు కూడా పలక పక్కనే కూర్చునేవాడు.

మొదట పెట్టె మధ్యలో అడ్డంగా ఉన్న చెక్కను ఊడదీశాడు. ఎందుకని అడిగితే, "నువ్వు బస్సులో నిలబడితే కాళ్ళు దగ్గర పెట్టుకోనుంటావా, ఎడంగా పెట్టుకోనుంటావా?" అన్నాడు. ఎడంగానే అన్నాను. "మరి ఆయన కాళ్ళకు చోటియ్యకుండా కట్టేస్తే మలుపు తిరిగినప్పుడు యాడ ఆనుకుంటాడు? పడిపోతానని తంతాడు. తన్నినాడని మనం కొడతాం."

తర్వాత తలుపు గడియ చూశాడు. దాన్ని నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించాడు. కొట్టంలో గుర్రం ఎగిరి గోడకు ఆనుకుంది.

"రేసులో వీళ్ళను ఇనప కటకటాల్లో నిలబెడతారు తల్లీ. ఆ కటకటాలు ఠంగుమని తెరుసుకుంటానే దూకాల. చిన్నప్పటి నించి అదే నేర్పినారు. ఇనుము మోగితే పరిగెత్తమని నేర్పినోళ్ళు వాళ్ళే, పెట్టెలో పెట్టి ఇనుము మోగించి కదలొద్దనేదీ వాళ్ళే. ఆయనేం చేస్తాడు?"

"అయితే ఏం చెయ్యాల?"

"మీ ఇంటాయన పాత పంచ ఉండాదా? ఉతకనిది."

ఒకటి ఉంది. ఎవరికీ ఇవ్వకుండా దూలం మీద దాచుకున్నాను. అడిగితే ఇవ్వబుద్ధి కాలేదు. కానీ ఇచ్చాను. దాన్ని చించి గడియకూ, కొక్కేలకూ, గొలుసుకూ చుట్టాడు. ఆ రోజు సాయంత్రం గుర్రం తనంతట తాను వచ్చి ఆ గుడ్డను వాసన చూసింది. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

దాణా మొదట పలక కింద పెట్టాడు. మరుసటి రోజు పలక మీద. ఆ తర్వాత ఇంకొంచెం పైన. ఆరో రోజు గుర్రం ముందు కాళ్ళు రెండూ పెట్టి మళ్ళీ దిగిపోయింది. ఆయన రమ్మనలేదు, తట్టలేదు. దానికి వీపు చూపించి కూర్చుని ఆకు నములుతున్నాడు. "మనం చూస్తా ఉంటే ఆయనకు సిగ్గు" అన్నాడు. సందులో ఆడవాళ్ళు పెళ్ళికొడుకును చూడ్డానికి వచ్చినట్టు వచ్చి చూసి పోయేవాళ్ళు. నాకు ఓపిక అయిపోయింది.

"పెద్దాయనా, నెలాఖరుకు కొట్టం పీకేస్తారు. అది ఎక్కకపోతే బట్టీవాళ్ళు తోలుకోని పోతారు. ఎప్పుడెక్కుతాది?"

"పెండ్లయి వచ్చినాక అత్తగారింట్లో నీకు నిద్దర ఎన్నాళ్ళకు పట్టింది తల్లీ?"

మూడు నెలలకు.

"ఈయనకు పది రోజులు గూడా ఇయ్యవా?"

ఎనిమిదో రోజు గుర్రం పూర్తిగా ఎక్కింది. ఆయన దాన్ని లోపలే తిప్పి, మూతి తలుపు వైపుకు ఉండేట్టు, పిర్ర డ్రైవరు వైపుకు ఉండేట్టు నిలబెట్టాడు. బ్రేకు వేస్తే తల పోయి దేనికీ తగలదు, పిర్ర మీద ఆనుకుంటుంది, అదీ ఆయన లెక్క. తొమ్మిదో రోజు బండి కదల్చకుండా డ్రైవరు చేత ఇంజను మాత్రం వేయించాడు. పదో రోజు సందు చివరి దాకా ఒక చుట్టు. తిరిగి వచ్చి బండి ఆగగానే నేను తలుపు దగ్గరికి పోతే, గుర్రంతో లోపలున్న ఆయన పెట్టె పక్క తలుపు సందులోంచి చెయ్యి ఊపి ఆపాడు.

"బండి ఆగినా ఆయన లోపల ఇంకా పోతానే ఉంటాడు. అది గూడా ఆగాల. ఒక ఆకు నమిలేంత సేపు. నేను మూడుసార్లు తడతా, అప్పుడు తియ్యి."

తలుపు తీయడం కూడా నాకే నేర్పాడు. ఎదురుగా నిలబడకూడదు. గడియను రెండు చేతులతో ఎత్తాలి. పలకను నిద్రపోయే బిడ్డను కింద పడుకోబెట్టినట్టు దించాలి. చేరిన ఊరి పేరు దానికి చెప్పాలి. గుర్రం తల దించి పెదాలు నాక్కునే దాకా తాడు ముట్టుకోకూడదు.

"ఇదంతా డ్రైవరుకు నేర్పొచ్చు గదా" అన్నాను.

"వాడా? వాడి మీసాలు చూసి మోసపోవద్దు. ఎనిమిదేండ్లుగా నా బండి తోల్తా ఉండాడు, ఒక్క రోజైనా గుర్రం పక్కకు వచ్చిన పాపాన పోలేదు. అయినా దిగేటప్పుడు ఆయనకు తెలిసిన మొగం కనపడాల."

డ్రైవరు కాదనలేదు. "నాకు ఇంజను చాలు పెద్దాయనా" అన్నాడు.

పన్నెండో రోజు పొద్దున బయలుదేరాం. ఆయన పెట్టెలో, గుర్రం భుజానికీ దూది మెత్త కొట్టిన గోడకూ మధ్య నిలబడ్డాడు. డ్రైవరు నెత్తిన నీళ్ళబిందె పెట్టుకున్నవాడి మాదిరిగా తోలాడు. కిటికీలోంచి పెద్దాయన గొంతు వినపడుతూనే ఉంది. లోపల గుర్రానికి బయట ఏముందో కనపడదు కదా, అందుకని దారిపొడుగునా చెప్తాడు. బస్సు కండక్టరు కూడా అంత చెప్పడు.

"రేణిగుంట వచ్చింది సామీ. గేటు ఏసినారు. రైలు వస్తా ఉండాది. మనకన్నా పెద్దదే గానీ దానికి బుద్ధి లేదు, ఆ రెండు కమ్మీలు తప్ప ఏమీ తెలీదు."

రైలు పోయింది. లోపల ఒక్క తన్ను లేదు. డ్రైవరు నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు.

"వడమాలపేట సామీ. చెరుకుతోట. మీరు అడగొద్దు, నేను ఇయ్యను."

పుత్తూరులో నీళ్ళు పెట్టడానికి ఆపాం. పెద్దాయన పక్క తలుపులోంచి దిగి సోడా ఒకటి తాగాడు. ఇడ్లీ తెమ్మంటావా అంటే వద్దన్నాడు. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. ఏందని అడిగాను. "గోడకు ఆనుకోని నిలబడితే చెయ్యి లాగదా?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. చెమట పట్టింది. పెట్టెలో ఉక్కగా ఉంటుంది కదా అనుకున్నాను. అన్నిటికీ నా దగ్గర ఒక జవాబు ఉంది.

పుత్తూరు దాటాక ఆయన గొంతు తగ్గింది. ఊళ్ళ పేర్లు ఆగిపోయాయి. అప్పుడే నేను అడిగాను, ఆయన గమ్మునుండమన్నాడు. ఆ తర్వాత కార్వేటినగరం దాకా ముగ్గురమూ గమ్మునే ఉన్నాం. ఎడ్లబండి వస్తే డ్రైవరు హారను కూడా కొట్టలేదు, దిగిపోయి చెయ్యి ఊపి పక్కకు తప్పించాడు. ఆడుకుంటున్న పిల్లలను నేనే వేలు పెదాల మీద పెట్టి అరవొద్దన్నాను. ఒక మనిషి పోతుంటే ఊరంతటినీ నోరు మూయించాను.

తోపు గేటు దగ్గర రైతు కాచుకుని ఉన్నాడు. బండి ఆగింది. నేను పోయి పలక పక్కన నిలబడ్డాను. ఆకు నమిలేంత సేపు చూశాను. తట్టలేదు. రైతు ఏదో అనబోతే డ్రైవరు ఆపాడు. ఇంకొక ఆకు నమిలేంత సేపు చూశాం. "పెద్దాయనా" అని మెల్లగా పిలిచాను. మళ్ళీ పిలిచాను.

డ్రైవరు పక్క తలుపు జానెడు తీసి చూశాడు. చూసినవాడు నోరు తెరిచాడు. కేక బయటికి రాకముందే నా అరచేతితో ఆ నోరు మూశాను. ఆ సందులోంచి నేనూ చూశాను.

పెద్దాయన నిలబడే ఉన్నాడు. తల గుర్రం మెడ మీద వాలింది. ఒక చెయ్యి దాని జూలులో ఉంది. కాళ్ళలో బలం లేదు, పాదాలు పక్కకు తిరిగిపోయి ఉన్నాయి. గుర్రం నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టుకుని, భుజమంతా ఆయన వైపుకు నెట్టి, ఆయనను గోడకు అదిమి పట్టుకుని ఉంది. మెడ నుంచి చెమట ధారగా కారుతోంది. ముందు కాలు ఒకటి వణుకుతోంది. నిద్రా? ఎక్కడి నిద్ర. కళ్ళు ఇంతింత తెరుచుకుని ఉన్నాయి.

అది ఒక్క అడుగు వేస్తే ఆయన దాని కాళ్ళ కింద పడతాడు. మేం చూసిన పక్క తలుపు గుర్రానికి ఇవతల ఉంది, ఆయన అవతల. ప్రాణం ఉందో లేదో తెలియదు. రైతు లోపలికి పరిగెత్తబోతే చొక్కా పట్టుకుని ఆపాను. డ్రైవరు చెవిలో చెప్పాను.

"నువ్వు దాని మెడ కింద దూరి పోయి ఆయన్ని పట్టుకోవాల. పట్టుకున్నాకనే నేను తలుపు దించేది."

"నావల్ల కాదక్కా."

"ఎనిమిదేండ్లు ఆయన అన్నం తిన్నావు."

మీసాలు వణికాయి. చెప్పులు విడిచాడు. దండం పెట్టుకున్నాడు, దేవుడికో గుర్రానికో తెలియదు. వంగి లోపలికి దూరాడు. గుర్రం చెవులు వెనక్కి పోయాయి. అది చెవులు మళ్ళీ ముందుకు తెచ్చింది, కాలు మాత్రం కదల్చలేదు. డ్రైవరు అవతలి నుంచి పెద్దాయన చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. "పట్టుకున్నా" అన్నాడు, గొంతు రాకుండా, పెదాలతోనే.

నేను వెనక్కి పోయి గడియ రెండు చేతులతో ఎత్తాను. మా ఇంటాయన పంచ నా వేళ్ళకు తగిలింది. చప్పుడు లేదు. పలక దించాను. పక్కకు జరిగి నిలబడ్డాను. ఆయన నేర్పినట్టే ఊరి పేరు చెప్పాను.

"కార్వేటినగరం వచ్చింది సామీ. దిగండి."

నా జన్మలో గుర్రాన్ని మీరు అనడం అదే మొదలు. అది నా మొహం వైపు చూసింది. ఎంత సేపు చూసిందో చెప్పలేను. తల దించింది. పెదాలు నాక్కుంది. తాడు వదులుగా పట్టుకున్నాను. ఒక అడుగు. ఆగింది. ఇంకొక అడుగు. తోపు కొట్టంలోంచి ముసలి గుర్రం సకిలించింది. మాది బదులు పలికింది, కానీ పరిగెత్తలేదు. పలక దిగి నేల మీద నిలబడింది. వెనక డ్రైవరు పెద్దాయనను ఒళ్ళోకి తీసుకుని అట్లాగే కిందికి కూర్చున్నాడు. అప్పుడు వదిలాడు ఆ కేక.

డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయింది, గంట దాటి ఉంటుంది అన్నాడు.

గంట. అంటే నన్ను గమ్మునుండమన్న కాసేపటికే. నొప్పి వచ్చినప్పుడు ఆయన అరిచి ఉండొచ్చు. అరిస్తే డ్రైవరు బ్రేకు తొక్కేవాడు. నేను గోల చేసి ఉండేదాన్ని. గుర్రం బెదిరి పెట్టె పగలగొట్టి ఉండేది. ఇదంతా తెలిసే గమ్మునున్నాడా? లేక ఊరికే తల తిరుగుతోందనుకుని కాసేపు మెడ మీద వాలాడా? ఒక పూట ఒకటి నిజమనిపిస్తుంది, ఇంకో పూట ఇంకొకటి. పుత్తూరులో ఆసుపత్రి ఉంది. రెండు మైళ్ళు వెనక్కి తిప్పితే చాలు. ఒక గుర్రం కోసం ఎవరైనా ఇట్లా చేస్తారా? చేసి ఉంటే ఆయన మీద నాకు వచ్చే కోపం ఇంతింత కాదు.

ఊరి మునసబు కాగితం తీసి పేరేందన్నాడు. డ్రైవరు నన్ను చూశాడు, నేను డ్రైవరును చూశాను. ఎనిమిదేళ్ళుగా వాడికి పెద్దాయనే, పదకొండు రోజులుగా నాకూ పెద్దాయనే. ఏ ఊరు? తెలియదు. కాల్చాలా, పూడ్చాలా? అదీ తెలియదు. ఇరవై రెండు పూటలు అన్నం పెట్టాను. గుర్రం ఎప్పుడెక్కుతుందని తప్ప ఆయనను ఒక్క మాట అడగలేదు. జేబులో ఆకులు, బెల్లం ముక్క ఉన్నాయి. తోపులోనే ఒక మూల పూడ్చారు. డ్రైవరు మొన్న వచ్చి, గుర్రాలు రెండూ ఒకే తొట్టిలో తింటున్నాయని చెప్పాడు. నేను ఇంకా పోయి చూడలేదు. కాళ్ళు రావడం లేదు.

ఇంక చాలు అమ్మీ. కలం పక్కన పెట్టు. ఏదీ, ఇట్లా దగ్గరికొచ్చి మొదట్నించి సదువు. పెట్టెలో ఆయన పడిపోయినాడని యాడన్నా రాసినావేమో సూడు. రాసుంటే కొట్టెయ్. ఆయన పడలేదు. పడనియ్యలేదు. ఊఁ, సదువు.